సైకిల్ చైనుకి ఇంట్లోనే వేడి మైనం: అసలు పని కడగడంలో ఉంది

విజయవాడ నుంచి ఒకరు అడిగారు. ఆరు నెలల క్రితం పది స్పీడుల గేర్ సైకిల్ కొన్నారట. రోజూ పొద్దున్నే కరకట్ట మీదుగా నలభై కిలోమీటర్లు తొక్కుతారు. వారం తిరగకుండానే చైను నల్లగా మసిబారి, పిక్కకీ ప్యాంటుకీ అంటుకుంటోంది. వీడియోలు చూసి ఇంట్లో ఉన్న కొవ్వొత్తులు కరిగించి బ్రష్షుతో చైను మీద పూశారు. మొదటి రోజు చైను కర్రలా బిగుసుకుపోయింది, తెల్లటి పొట్టు రాలింది, అరవై కిలోమీటర్లు దాటేసరికి కీచుమని అరవడం మొదలైంది. "మైనం మన రోడ్లకి పనికిరాదా? నేనేమైనా తప్పు చేశానా? మే నెల ఎండకి కరిగి కారిపోదా?" అన్నది వారి ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మైనం మన రోడ్లకి బాగా పనికొస్తుంది. దుమ్ము ఎక్కువగా ఉన్న చోటే దాని విలువ బాగా తెలుస్తుంది. ఎండకి కారిపోదు. మీ దగ్గర జరిగిన పొరపాట్లు రెండు. చైనులో ఉన్న గ్రీజు, ఆయిలు పూర్తిగా వదిలించకుండా మైనం పెట్టారు. చైనుని కరిగిన మైనంలో ముంచకుండా పైన పూశారు. ఈ రెండూ సరిచేస్తే ఒక్కసారి పట్టించిన మైనం పొడి రోడ్ల మీద 250 నుంచి 300 కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది, చైను ముట్టుకుంటే చేతికి మసి అంటదు.

మా నాన్నకి తెనాలిలో సైకిల్ షాపు ఉండేది. పదేళ్ల వయసులోనే నేను కిరసనాయిలు డబ్బాలో చైన్లు కడిగేవాణ్ణి. తర్వాత ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను, ఇక్కడ దూరపు రైడ్లు అలవాటయ్యాయి. 2016 నుంచి నా సైకిళ్లకి మైనమే. స్నేహితుల సైకిళ్లతో కలిపి ఇప్పటికి వందకి పైగా చైన్లు ముంచి ఉంటాను. కింద రాసింది ఆ అనుభవంతోనే.

ఆయిలు ఎందుకు నల్లబడుతుంది

చైను అరిగేది బయటికి కనిపించే చోట కాదు. ఒక్కో లింకులో పిన్ను ఉంటుంది, దాని చుట్టూ లోపలి పలకలు తిరుగుతాయి, ఆ పైన రోలర్ ఉంటుంది. పిన్నుకీ లోపలి పలకకీ మధ్య ఉన్న సన్నని సందులోనే అసలు రాపిడి. మీరు పూసిన ఆయిలు అక్కడికి చేరుతుంది, అది మంచిదే. కానీ ఆయిలు ద్రవం, ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. బయటి పలకల మీద పడిన దుమ్మును తనలో కలుపుకుని మళ్లీ అదే సందులోకి తీసుకుపోతుంది. కరకట్ట మీద ఇసుక లారీల వెనక తొక్కుతుంటారు కాబట్టి ఈ సంగతి మీకు ఎక్కువగా వర్తిస్తుంది. ఇసుక ఉక్కుని గీస్తుంది, గీసుకుపోయిన ఉక్కు పొడి ఆయిల్లో కలిసి నల్లబడుతుంది. మీ పిక్కకి అంటుతున్న నలుపులో కొంత మీ చైనే. మెకానిక్కులు ఇంజన్ వాల్వులు నూరడానికి ఒక ముద్ద వాడతారు, నూనెలో సన్నటి ఇసుకలాంటి గరుకు పొడి కలిపినది. ఆయిలు పూసిన చైను దుమ్ములో తిరిగితే అలాంటి ముద్దే చైను లోపల తయారవుతుంది.

మైనం గట్టి పదార్థం. వేడిగా ఉన్నప్పుడు సందులోకి పారి, చల్లారాక అక్కడే గడ్డకట్టి ఉంటుంది. బయట పడిన దుమ్ము పొడిగానే ఉండి రాలిపోతుంది, లోపలికి పోవడానికి దానికి దారి లేదు. మైనంతో వచ్చే లాభమంతా ఇందులోనే ఉంది. జారుడు కూడా ఎక్కువే. అమెరికాలో ఫ్రిక్షన్ ఫ్యాక్ట్స్ అనే చిన్న పరీక్షశాల రకరకాల చైను లూబ్రికెంట్లని యంత్రం మీద పెట్టి కొలిచినప్పుడు మామూలు పారఫిన్ మైనం ఖరీదైన ఆయిళ్లెన్నిటినో వెనక్కి నెట్టింది. రేసుల్లో తిరిగేవాళ్లు మైనం వైపు మళ్లడానికి అదొక పెద్ద కారణం. మనలాంటి వాళ్లకి ఆ కాస్త జారుడు కన్నా చైను ఎక్కువకాలం రావడం, చేతులు శుభ్రంగా ఉండడం ముఖ్యం.

లోపం కూడా ఈ గుణంలోనే ఉంది. ఆయిలు ఒక చోట నుంచి పక్కకి జరిగితే మళ్లీ పారి వచ్చి చేరుతుంది. మైనం ఒకసారి పక్కకి నెట్టుకుపోతే తిరిగి రాదు. అందుకే మైనం అయిపోయిందంటే చైను ఉన్నట్టుండి అరుస్తుంది, మెల్లగా హెచ్చరించదు. మీకు అరవై కిలోమీటర్లకే కీచుమనడానికి కారణం, సందు లోపల మైనం అసలు లేదు. బ్రష్షుతో పూసినది చల్లటి ఉక్కు తగలగానే పైనే గడ్డకట్టింది, పొట్టులా రాలిపోయింది. కొవ్వొత్తుల మైనం వేడి చైను లోపలి గ్రీజుని కాస్త కదిలించి పల్చన చేసి ఉంటుంది కూడా. అంటే ఉన్న గ్రీజు పోయింది, మైనం రాలేదు.

కడగడం

ఇక్కడ ఓపిక పడితే మిగతాదంతా తేలిక. మైనం జిడ్డు మీద అతుక్కోదు. కొత్త చైనుకి కంపెనీ వాళ్లు తుప్పు పట్టకుండా చిక్కటి గ్రీజు పట్టించి పంపుతారు, అది చాలా మొండిది. నా దగ్గరికి "మైనం పనిచేయలేదు" అని వచ్చిన చైన్లలో దాదాపు అన్నిటిదీ ఇదే కథ.

చైను విప్పే ముందు ఫోటో తీసుకోండి. కొన్ని చైన్లకి బయటి వైపు, లోపలి వైపు వేరుగా ఉంటాయి, అక్షరాలు ఏ వైపున్నాయో గుర్తుండాలి. మీ పది స్పీడుల చైనుకి క్విక్ లింక్, అంటే విప్పి మళ్లీ తగిలించగల రెండు ముక్కల లింకు ఉంటే దాన్ని విప్పే ప్లయర్ ఒకటి కొనుక్కోండి, ఈ పని మళ్లీ మళ్లీ చేస్తారు కాబట్టి అది దండగ కాదు. చైను పిన్నుతో కలిపి ఉంటే ఒకసారి, పిన్నుని బయటికి నెట్టే చైన్ టూల్‌తో విప్పించి, పది స్పీడులకి సరిపోయే క్విక్ లింక్ వేయించండి. ఆ లింకు మళ్లీ వాడొచ్చో, ఒకసారికేనో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ఒకసారికే అని రాసి ఉంటే ఆ మాట వినండి.

కడగడానికి పెయింట్ షాపుల్లో దొరికే టర్పెంటైన్ తీసుకోండి. మా నాన్న కాలంలో కిరసనాయిలే, ఇప్పుడది దొరకడం కష్టం, పైగా ఆరాక కూడా సన్నటి జిడ్డు పొర వదులుతుంది. చాలామంది పెట్రోలు వాడతారు. గ్రీజుని బాగానే కరిగిస్తుంది కానీ నేను మానేశాను. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న నిప్పుని కూడా అందుకుంటుంది. వంటింట్లో గ్యాస్ ఉన్న ఇళ్లలో ఆ ధైర్యం చేయొద్దు.

వెడల్పు మూతి ఉన్న డబ్బాలో చైను వేసి, మునిగేంత టర్పెంటైన్ పోసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు గిలక్కొట్టండి. పావుగంట నాననిచ్చి మళ్లీ గిలక్కొట్టండి. మొదటిసారి డికాక్షన్‌లా నల్లగా వస్తుంది. ఆ ద్రవం వేరే సీసాలో పోసి పక్కన పెట్టి, కొత్తది పోసి మళ్లీ కడగండి. వాడిన చైనుకి మూడు నుంచి ఐదుసార్లు పడుతుంది. ద్రవం రంగు మారకుండా తేటగా ఉండేవరకూ కడుగుతూనే ఉండండి. పక్కన పెట్టిన సీసాలో రెండు రోజుల్లో మురికి అడుక్కి దిగుతుంది, పైన తేరుకున్నది వచ్చేసారి మొదటి కడుగుకి పనికొస్తుంది. కాలువలో మాత్రం పారబోయొద్దు.

ఆ తర్వాత చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది. టర్పెంటైన్ ఆరినా కంటికి కనపడని జిడ్డు పొర మిగులుతుంది. దాన్ని తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇంకో రెండు కడుగులు కావాలి. కెమికల్స్ అమ్మే షాపుల్లో 99 శాతం అని రాసి ఉన్నది దొరుకుతుంది. శానిటైజర్ జెల్ పనికిరాదు, అందులో వేరే పదార్థాలు కలిపి ఉంటాయి. ఆల్కహాల్ కూడా మండేదే కాబట్టి ఇదంతా మేడ మీదో, వరండాలోనో చేయండి. చైనుని ఎండలో వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వండి.

శుభ్రమైందో లేదో నేను మూడు రకాలుగా చూస్తాను. తెల్లటి పాత బనీను గుడ్డతో గట్టిగా పిండితే మరక రాకూడదు. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమని పొడి చప్పుడు రావాలి, జిడ్డుంటే ఆ చప్పుడు మెత్తగా ఉంటుంది. లింకులు వేళ్లతో తిప్పితే గరగరలాడాలి, ఉక్కు మీద ఉక్కు రాసుకుంటున్నట్టు తెలియాలి. ఇలాంటి చైనుని రాత్రంతా వదిలేస్తే తేమకి తుప్పు మొదలవుతుంది, అదే రోజు మైనంలో ముంచేయండి.

కొందరు బాత్‌రూమ్ యాసిడ్‌తో చైను మెరిపించవచ్చని చెబుతుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. యాసిడ్ వల్ల గట్టి ఉక్కు లోపలికి హైడ్రోజన్ చేరి పెళుసుబారుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలంగా తొక్కితే పుటుక్కున తెగుతుంది. అలా తెగిన చైనుతో అనంతగిరి గుట్టల దారిలో పడి మోకాలు చీల్చుకున్నవాణ్ణి నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను.

చైనుతో పాటు వెనక క్యాసెట్ (గేరు పళ్ల చక్రాల గుత్తి), ముందు పళ్ల చక్రాలు, గేర్లు మార్చే డెరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు కూడా తుడిచి జిడ్డు లేకుండా చేయాలి. శుభ్రమైన చైనుని నల్లటి ఆయిలున్న క్యాసెట్ మీద వేస్తే ఒక్క రోజులో మళ్లీ మొదటికొస్తుంది. ఇదంతా మొదటిసారికే. తర్వాత ఇంత కడుగుడు ఉండదు, దాని సంగతి కింద చెబుతాను.

మీరు కొత్త చైను కొనే ఆలోచనలో ఉంటే ఆ కొత్తదానితోనే మొదలుపెట్టండి. ఆరు నెలలు ఇసుకలో తిరిగిన చైనుని కడగడం కన్నా కొత్తదాని గ్రీజు తీయడం సులువు.

ఏ మైనం

రంగు, వాసన కలపని పారఫిన్ మైనం. కొవ్వొత్తులు చేసేవాళ్లకి అమ్మే షాపుల్లో తెల్లటి పలకలుగా దొరుకుతుంది. 58/60 అని గ్రేడు రాసి ఉంటే అది కరిగే వేడి, డిగ్రీ సెల్సియస్‌లో. ఇది మనకి సరిపోతుంది. మన దేశంలో అస్సాంలోని దిగ్బోయ్, నుమాలీగఢ్ రిఫైనరీల్లో పారఫిన్ మైనం తయారవుతుంది, కాబట్టి దిగుమతి సరుకు కోసం వెతకక్కర్లేదు. అర కిలో కొంటే చాలు. ఒక్కో చైను పట్టుకునేది కొన్ని గ్రాములే.

ఇంట్లోని కొవ్వొత్తులు ఎందుకు వద్దంటే, వాటిలో గట్టిపడడానికి స్టీరిక్ ఆమ్లం, రంగు, సెంటు ఏవేవో కలుపుతారు. ఏది ఎంత కలిపారో మనకి తెలియదు. తేనె మైనం కూడా వద్దు. సహజమైనదని కొందరికి దాని మీద మోజు, కానీ అది జిగటగా ఉంటుంది, దుమ్ముని పట్టుకుంటుంది. మనం తప్పించుకోవాలనుకున్నదే అది.

టెఫ్లాన్ పొడి, మాలిబ్డినం డైసల్ఫైడ్, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ లాంటి జారుడు పెంచే పొడులు కలపాలా అని తప్పకుండా అడుగుతారు. మొదటి ఏడాది ఏమీ కలపొద్దు. ఒక సీజన్‌లో రెండు చైన్లు పక్కపక్కన నడిపి చూశాను, ఒకదానికి మాలిబ్డినం పొడి వేశాను, ఇంకోదానికి వేయలేదు. నా తొక్కుడులో తేడా పట్టుకోలేకపోయాను. పొడి ఎప్పుడూ అడుక్కి దిగిపోతుంది, కలుపుతూ ఉండాలి. టెఫ్లాన్ పొడి మైనంలో ఉండగా పొరపాటున గిన్నె మాడిపోయేంత వేడెక్కితే ఆ పొగ ఊపిరితిత్తులకి హాని. అందుకని నేను దాని జోలికి పోను.

ఒక్కటి మాత్రం అవసరాన్నిబట్టి కలుపుతాను. మైనం మరీ పెళుసుగా పొట్టు రాలుతుంటే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్, అర కిలోకి 10 నుంచి 15 మిల్లీలీటర్లు. మైనం కాస్త మెత్తబడుతుంది. ఎక్కువైతే జిడ్డై దుమ్ము పట్టుకుంటుంది. విజయవాడ వేడికి మీకిది అక్కర్లేదు. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉండే మనవాళ్లకి ఇది పనికొస్తుంది, అక్కడ మామూలు మైనం గాజులా విరుగుతుంది.

కరిగించడం, ముంచడం

మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. ఇది నేను ఎవరికి చెప్పినా రెండుసార్లు చెబుతాను. గిన్నెలో నీళ్లు పోసి, ఆ నీళ్లలో మైనం డబ్బా పెట్టి కరిగించండి. నీళ్లు వంద డిగ్రీలు దాటవు, కాబట్టి మైనం కూడా దాటదు, గిన్నెలో నీళ్లున్నంతసేపూ అంటుకునేంత వేడి దానికి రాదు. పాత రైస్ కుక్కర్ ఉంటే ఇంకా మంచిది, అందులో నీళ్లు పోసి స్టీలు డబ్బా నిలబెట్టండి. మంట ఉండదు. ఆ కుక్కర్, ఆ డబ్బా ఇక వంటకి వాడొద్దు. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, కరిగిన మైనం చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది, నీళ్లలా జారిపోదు.

ఎప్పుడైనా మైనం అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు అడుక్కి పోయి ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని ఇల్లంతా చిమ్ముతాయి. స్విచ్ ఆపి, సరిపోయే మూత పెట్టేయండి. ఆ మూత పని మొదలెట్టే ముందే చేతికి అందేచోట ఉండాలి.

వంటకి వాడే థర్మామీటర్ ఒకటి ఉంటే బాగుంటుంది. మైనం 85 నుంచి 90 డిగ్రీలకి వస్తే నీళ్లంత పల్చగా ఉంటుంది. పూర్తిగా ఆరిన చైనుని తీగకి గుచ్చి మెల్లగా దించండి. దించగానే చుట్టూ ఉన్న మైనం గడ్డకడుతుంది, చైను చల్లగా ఉంది కాబట్టి. కంగారుపడొద్దు, మళ్లీ కరుగుతుంది. చైను కూడా మైనమంత వేడెక్కాలి, అప్పుడే సందుల్లోకి పారుతుంది. తీగ పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తుంటే సన్నటి బుడగలు పైకొస్తాయి. రోలర్లలో, పిన్నుల దగ్గర దాగిన గాలి అది. బుడగలు ఆగేదాకా ఆడించండి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. బుడగలు ఆగాయంటే గాలి ఉన్న చోట మైనం చేరిందని అర్థం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బుడగలు ఆగగానే వేడివేడిగా బయటికి తీయడం. ఆ వేడిలో మైనం నీళ్లలా ఉంటుంది, లోపలికెళ్లినంతా కారిపోతుంది. స్విచ్ ఆపేసి, చైను లోపలే ఉంచి, మైనం 65 డిగ్రీల దగ్గరికి చల్లారనివ్వండి. థర్మామీటర్ లేకపోతే డబ్బా అంచుల్లో పాల మీద మీగడలా సన్నటి పొర కట్టడం మొదలయ్యేదాకా ఆగండి. అప్పుడు తీసి వేలాడదీయండి. లోపల ఎక్కువ నిలుస్తుంది.

క్విక్ లింకు రెండు ముక్కల్నీ కూడా కడిగి ముంచాలి. మర్చిపోతే ఆ ఒక్క లింకే అరుస్తుంది, చప్పుడు ఎక్కడినుంచో తెలియక సైకిలంతా వెతుకుతారు.

చల్లారిన చైను నిజంగానే కర్రలా ఉంటుంది. మీరు దాన్ని చూసి చెడిపోయిందనుకున్నారు. అది మామూలే. గుండ్రటి పైపు మీదో, చీపురు కర్ర మీదో వేసి ముందుకీ వెనక్కీ లాగుతూ ఒక్కో లింకు విరిచినట్టు వదులు చేయండి. పొట్టు రాలుతుంది, రాలనివ్వండి, అది బయటి మైనం. ఈ పని పేపరు పరిచి, చక్రానికి దూరంగా చేయండి. డిస్క్ బ్రేకులుంటే డిస్కు మీద పొట్టు పడకూడదు, బ్రేకు పట్టు తగ్గుతుంది.

ఎక్కించాక క్విక్ లింకుని పైవైపుకి తెచ్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్‌ని గట్టిగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. గేర్లు లేని సైకిలైతే చైనుకి పిన్నీసులాంటి క్లిప్పు ఉంటుంది. దాని మూసి ఉన్న కొస చైను ముందుకి కదిలే వైపు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలినప్పుడు ఊడిపోతుంది. మా నాన్న షాపులో పనిచేసిన కుర్రాళ్లందరికీ నేర్పిన మొదటి పాఠం ఇది.

మొదటి పది నిమిషాలు గేర్లు కాస్త మొరాయిస్తాయి. అన్ని గేర్లూ మార్చుకుంటూ తొక్కండి. తర్వాత చప్పుడే ఉండదు.

ఎన్నాళ్లకోసారి, ఎండ సంగతేంటి

పొడి రోడ్ల మీద నేను 250 కిలోమీటర్లకి ఒకసారి మళ్లీ ముంచుతాను. మీరు రోజుకి నలభై తొక్కుతారు కాబట్టి వారానికోసారి అనుకోండి. ఎక్కువనిపిస్తే నేను చేసే ఉపాయం చెబుతాను. ఒకే రకం చైన్లు మూడు కొని, మూడిటినీ ఒకే ఆదివారం ముంచి పెట్టుకుంటాను. వారానికొకటి మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. మూడూ కలిసి అరుగుతాయి కాబట్టి క్యాసెట్ కూడా ఎక్కువకాలం వస్తుంది.

రెండోసారి నుంచి టర్పెంటైన్ అవసరం లేదు. చైను మీద సలసల కాగే నీళ్లు పోస్తే పాత మైనం, దాంతోపాటు పైన పట్టిన దుమ్ము కరిగి వదులుతాయి. ఆ నీళ్లు సింకులో పోయొద్దు, పైపులో మైనం గడ్డకట్టి మూసుకుపోతుంది. బకెట్లో పోసి చల్లారాక పైన తేలిన మైనాన్ని తీసేయండి. తర్వాత చైనుని ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి చైను మైనంలో వేస్తే పిన్నుల దగ్గర నీళ్లు ఉండిపోతాయి, మైనం లోపలికి పోదు, తుప్పు మాత్రం పడుతుంది.

డబ్బాలోని మైనం బూడిదరంగుకి తిరుగుతుంది. ఇసుక, ఉక్కు పొడి మైనం కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. గడ్డకట్టాక ముద్దని బయటికి తీసి అడుగున నల్లగా ఉన్న భాగాన్ని చాకుతో చెక్కేయండి. నేను పాతిక ముప్పై ముంపులకి మొత్తం మారుస్తాను.

ఇక ఎండ. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు ఉన్నా, 58 డిగ్రీల మైనం కరగదు. మెత్తబడుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. నా అనుభవంలో వేసవిలో మైనం పొట్టు తక్కువ రాలుతుంది, కాస్త ఎక్కువ నడుస్తుంది. ఒక్క జాగ్రత్త. సైకిల్‌ని మూసిన కారులో పడేసి ఎండలో వదలొద్దు. ఒక వేసవిలో గండిపేట దగ్గర అలా వదిలి వస్తే, చైను మైనం కరిగి సీటు గుడ్డ మీద పెద్ద మరకైంది.

ఎండ కన్నా వానే అసలు శత్రువు. నీళ్లు మైనాన్ని పక్కకి తోసి సందులోకి దూరతాయి, ఆయిలైతే ఆ ఉక్కుని మళ్లీ కప్పుతుంది, మైనం కప్పదు. వానలో ఒక్క గంట తొక్కినా ఇంటికి రాగానే చైను తుడిచి ఆరబెట్టాలి, మర్నాడు మళ్లీ ముంచాలి. అలా చేయకుండా ఒక రాత్రి వదిలితే పొద్దున్నే ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. 2019లో ఒక మూడు వందల కిలోమీటర్ల బ్రెవేలో, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడులో, నూట ఎనభై దగ్గర వాన పట్టుకుంది. ఆ రైడుకి ఇచ్చేది ఇరవై గంటలే, ఆగి ఆరబెట్టుకునే వీల్లేదు. చివరి అరవై కిలోమీటర్లు నా చైను అరుపు నాకే భరించలేనిదైంది. అప్పటినుంచి వాన వచ్చేలా ఉన్న దూరపు రైడ్లకి చిన్న సీసాలో ఆయిలు జేబులో ఉంటుంది. దారిలో ఆయిలు వేయొచ్చు, ఇంటికొచ్చాక మళ్లీ మొదటినుంచి కడగాలి, అంతే. జులై నుంచి అక్టోబరు దాకా వానలోనూ రోజూ తొక్కేవాళ్లైతే ఆ నాలుగు నెలలు ఆయిలుకి మారడం మేలు. విశాఖ బీచ్ రోడ్డులో, భీమిలి వైపు తొక్కేవాళ్లకి వానలేకపోయినా ఉప్పుగాలి చైను పలకలకి తుప్పు తెస్తుంది. వాళ్లు నికెల్ పూత ఉన్న చైను తీసుకుంటే కొంత నయం.

ఎవరికి వద్దు

చైను కవర్ ఉన్న మామూలు సైకిల్‌కి, అంటే పాలు పోసేవాళ్లు, కూరగాయల వాళ్లు తొక్కే పెద్ద సైకిళ్లకి మైనం అక్కర్లేదు. కవర్ దుమ్ముని ఆపుతుంది, ఆయిలు చాలు. వారానికో పదిహేను రోజులకో ఒక్క గంట తొక్కేవాళ్లకి ఇంత శ్రమ దండగ.

మోటార్‌సైకిల్‌కి వాడొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. ఇప్పటి బైకుల్లో చాలావాటి చైన్లలో రబ్బరు ఓ-రింగులు ఉంటాయి, వాటి వెనక కంపెనీ గ్రీజు మూసిపెట్టి ఉంటుంది. వాటిని టర్పెంటైన్‌లో నానబెట్టి, వేడి మైనంలో ముంచితే రబ్బరు పాడై, లోపలి గ్రీజు పోతుంది. బైక్ చైనుని ఈ పద్ధతిలో ముట్టుకోవద్దు.

అరుగుదల చూసుకోవడం

మీ పాత చైనుని కడిగే ముందు అది ఎంత అరిగిందో చూడండి. అన్ని సైకిల్ చైన్ల లింకులూ అర అంగుళం చొప్పున ఉంటాయి, కాబట్టి కొత్త చైనులో పన్నెండు అంగుళాలకి సరిగ్గా 24 లింకులు. స్టీలు స్కేలు సున్నా గీతని ఒక పిన్ను మధ్యలో పెట్టి, చైను బిగువుగా లాగి, 24 లింకుల తర్వాతి పిన్ను మధ్య ఎక్కడుందో చూడండి. పన్నెండు అంగుళాల మీద ఉంటే కొత్తదే. రెండు మిల్లీమీటర్లకి పైగా దాటితే పది స్పీడుల చైనుని మార్చే టైం వచ్చింది. మూడు దాటితే క్యాసెట్ పళ్లు కూడా తినేసి ఉంటుంది, కొత్త చైను వేస్తే జారుతుంది. పదకొండు, పన్నెండు స్పీడుల వాటికి ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలి.

నా లెక్క చెబుతాను. 2015లో ఆయిలుతో నడిపిన చైను 2,600 కిలోమీటర్లకి మార్చాల్సి వచ్చింది. తర్వాత అదే సైకిల్‌కి, అదే కంపెనీ చైను మైనంతో 7,400 నడిచింది. మధ్యలో నా తొక్కే దారులు కొంత మారాయి కాబట్టి తేడా అంతా మైనానిదే అని చెప్పలేను, కానీ ఎక్కువ భాగం దానిదే అని నా నమ్మకం.

ఈ వారం మీరు చేయాల్సింది ముందు స్కేలుతో కొలవడం. రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటేనే ఆ చైనుని కడగండి, లేకపోతే కొత్తది కొని దాని గ్రీజు తీయండి. ముంచాక కూడా కీచుమంటే డెరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు చేత్తో తిప్పి చూడండి. చాలాసార్లు అరిచేవి అవే, వాటి మధ్యలో ఒక చుక్క ఆయిలు వేసి బయట కారింది తుడిచేస్తే సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆల్కహాల్ కడుగు ఎన్నిసార్లు చేశారో, ఆఖరి కడుగు ద్రవం ఏ రంగులో ఉందో రాయండి, అక్కడినుంచి చూద్దాం.